ఆకు రాల్చే ఆఫీసరు

లోకంలో ఏ ఆఫీసరైనా ఏటికేడు ఏదో ఒకటి పెంచుకుంటాడు. కుర్చీ ఎత్తు పెంచుకుంటాడు, గదికి పరదాలు పెంచుకుంటాడు, ఏమీ దొరక్కపోతే పొట్టన్నా పెంచుకుంటాడు. మా డిపో మేనేజరు రూప్‌సింగ్ గారు మాత్రం ఏటికేడు ఒకటి వదిలేసేవారు. మంచి ఆఫీసరుగా ఎదగాలంటే చెట్టును చూసి నేర్చుకోవాలని ఆయన సిద్ధాంతం. చెట్టు ఏటా ఆకు రాలుస్తుంది కాబట్టి తనూ రాల్చాలి. అదీ ఫాల్గుణంలోనే రాల్చాలి, అదీ అడవిలో కూర్చుని రాల్చాలి, అదీ మా అందరి ప్రాణాలూ తోడేసి రాల్చాలి. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారే, అలాంటి మనిషి.

ఇది ఎనభైల నాటి మాట. ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్లే దారిలో, పొలాలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉండేది మా బస్సు డిపో. వెనక గోడ దాటితే అన్నీ టేకు చెట్లే. నేను అక్కడ గుమస్తాని. మాది వేంసూరు దగ్గర పల్లె, నా పేరు వెంకటరామారావు. "ఇంత పేరు బస్సు బోర్డు మీద గూడ పట్టదు" అని రూప్‌సింగ్ గారు మొదటిరోజే దాన్ని రామారావుకు కుదించారు.

ఆయన తండాలో పుట్టిన మనిషి. ఆ తండా నుంచి ఆఫీసరైన మొదటివాడు. ఇంకొక్క మెట్టు ఎక్కితే ఖమ్మంలో పెద్ద పోస్టు, జిల్లా డిపోలన్నీ ఆయన కింద ఉంటాయి. ఆ మెట్టు మీద ఆయనకెంత ఆశ ఉండేదో నాకు తెలియదు గాని, ఆయన భార్య కమ్లి గారికి మాత్రం కొండంత ఆశ. వాళ్ల ఒక్కగానొక్క కూతురు హేమ్లి ఖమ్మంలో హాస్టల్లో ఉండి చదువుతోంది. ఈయనకు ఖమ్మం పోస్టు వస్తే ఖానాపురం హవేలిలో ఒక చిన్న ఇల్లు కిరాయికి తీసుకోవాలి, పిల్లకు తన చేత్తో జొన్నరొట్టె చేసి పెట్టాలి. ఆవిడకు ఇంకో కోరిక ఉన్నట్టు నేనెన్నడూ వినలేదు.

ఒకసారి ఆఫీసర్లందరికీ నాయకత్వం మీద శిక్షణ అని హైదరాబాదు పిలిచారు. వెళ్లొచ్చి, టీ తాగుతూ మాతో అన్నారు.

"గోడలకు చార్టులు తగిలిచ్చిన్రు. ఆఫీసరు ఎట్ల పెరగాల్నో నిచ్చెనలు గీసి చూపిచ్చిన్రు. మొత్తం ఎక్కుడే ఉన్నది, దిగుడు లేదు."

"నిచ్చెన ఉన్నది ఎక్కడానికే కదండీ," అంది మా టైపిస్టు నిర్మలాదేవి.

"దిగకపోతే ఏడ పండుకుంటడమ్మా, నిచ్చెన మీదనేనా?"

ఆయన కిటికీలోంచి చెయ్యి చాపి గోడవతల చెట్లను చూపించారు. "టేకు చెట్టును చూడున్రి. ఎండకాలంల ఆకును గట్టిగ పట్టుకోని కూసుంటే నీళ్లు చాలక ఎండి చస్తది. రాలుస్తది, బతుకుతది, వానకు మళ్ల చిగురేస్తది. ఆఫీసరు గూడ గంతే."

మోదుగలు ఎర్రగా పూసే రోజుల్లో, ఒకనాడు పొద్దున్నే స్నానం చేసి, తలకు తెల్ల రుమాలు చుట్టుకుని, గోడ వెనక టేకు చెట్టు కింద కూర్చునేవారు. ఒక ఆకు దానంతటది రాలి ఆయన ఎదుట పడాలి. కొమ్మ ఊపకూడదు, గాలిని తిట్టకూడదు. పడ్డాక చేటంత ఆ ఆకును రెండు చేతులా పట్టుకొచ్చి ఆఫీసు బల్ల మీద పెట్టి, ఆ ఏడు తాను వదులుకునేదేమిటో చెప్పేవారు. ఆ తర్వాత కమ్లి గారు బెల్లం వేసి వండిన గోధుమరవ్వ అందరికీ దొన్నెల్లో పంచేవారు. ఆకు పడేదాకా మా డిపోలో బస్సు కదలదని బయట చెప్పుకునేవారు గాని, అది శుద్ధ అబద్ధం. ఒక్క ఏడు మాత్రం కదల్లేదు.

ఈసారి ఏది రాలుతుందోనని మేం మిరపకాయ బజ్జీలు పందెం కాసేవాళ్లం. ఎవరూ గెలిచిన పాపాన పోలేదు. బజ్జీలు మాత్రం అందరం తినేవాళ్లం.

మొదటి ఏడు ఆయన రాల్చింది బల్ల మీది కాలింగ్ బెల్లు.

"ఇగ నుంచి నేను బెల్లు కొట్టను. పనుంటే నేనే లేచి పోత," అన్నారు.

"మరి అటెండరు ఎందుకు సార్?" అన్నారు క్యాషియరు.

"ఆయన పని ఆయన చేస్తడు. నా నడక నేను నడుస్త."

ఆ రోజు నుంచి టీ కావాలన్నా ఫైలు కావాలన్నా రూప్‌సింగ్ గారు గదిలోంచి లేచి వరండాలోకి వెళ్లేవారు. అక్కడ స్టూలు మీద కూర్చుని, ఖాళీ ఉన్నప్పుడల్లా మోదుగాకు విస్తళ్లు కుట్టుకునే అటెండరు పగిడయ్య ఎదురుగా నిలబడి, "పగిడయ్యా, చాయ్" అని చేత్తో కూడా చూపించి వచ్చి కూర్చునేవారు. అటెండరును పిలవడానికి ఆఫీసరే అటెండరయ్యాడని డ్రైవర్లు పడీపడీ నవ్వేవాళ్లు. ఈ మర్యాదతో పగిడయ్యకు కొమ్ములు మొలిచాయి. మేం ఎంత పిలిచినా తల తిప్పడు. దర్జాగా ఆకులు కుట్టుకుంటూ ఉంటాడు.

నిర్మలాదేవి వెళ్లి ఫిర్యాదు చేసింది. "పగిడయ్యకు మరీ పొగరెక్కిపోయింది సార్. మిమ్మల్ని చూసుకునే. పిలిస్తే ఉలకడు, పలకడు."

"అవ్, వానికి జర పొగరే," అన్నారాయన తాపీగా. "ముందటికి పోయి చెప్పు, చేస్తడు."

రెండో ఏడు తిరిగే కుర్చీ రాలింది. మేనేజరు కుర్చీ అంటే మాటలా. వీపుకు మెత్త, చేతులకు మెత్త, అటు తిరిగితే అటు, ఇటు తిరిగితే ఇటు. దాన్ని వదిలేసి, బస్టాండులో ప్రయాణికులు కూర్చునే చెక్క బెంచీ ఒకటి తెప్పించుకుని దాని మీద కూర్చున్నారు. కుర్చీని ఏం చెయ్యాలని అడిగితే, చుట్టూ చూసి, "దగ్గర ఎవరున్నరు? నిర్మలమ్మ. ఆమెకెయ్యున్రి. రాలిన ఆకు ఎవరి పక్కన పడితే వాళ్లదే" అన్నారు. ఆవిడ సిగ్గుతో చచ్చిపోయింది. కొత్తగా వచ్చినవాళ్లు తిన్నగా ఆవిడ దగ్గరికి వెళ్లి నమస్కారం పెట్టి, బదిలీ కాగితాలు అందించేవారు. బెంచీ మీదున్న ఆయన్ను పట్టుకుని సత్తుపల్లి బస్సు ఎన్నింటికని అడిగేవారు. ఆయన చెప్పేవారు కూడా.

ఆకు రాల్చడం ఒక్కటే అయితే ఎలాగో సర్దుకునేవాళ్లం. ఆయనకు వానాకాలం పనులు వేరే ఉండేవి. ఆషాఢంలో తండాల్లో సీత్లా పండుగ చేస్తారు. పశువులకు రోగాలు రాకూడదని ఏడుగురు అమ్మవార్లకు గుగ్గిళ్లు పెట్టి, మందను వాళ్ల ముందు నుంచి తోలుతారు. "మన పశువులు బస్సులే కదా" అని రూప్‌సింగ్ గారు డిపో గేటు దగ్గర ఏడు రాళ్లు నిలబెట్టి, వేపకొమ్మలు గుచ్చి, బస్సులన్నిటినీ వరసగా తోలించారు. అమ్మ ముందు బండి ఆగిపోతే పరువు పోతుందని మెకానిక్కులు ముందు పది రోజులు నిద్రాహారాలు మాని బ్రేకులు, బ్యాటరీలు చూసుకున్నారు. అయినా ఒకటి ఆగిపోనే ఆగిపోయింది.

"గది రోగమున్న బర్రె. పక్కకు జరిపి మందెయ్యున్రి," అన్నారాయన.

నవ్వుకున్నాం గాని, ఆ వానాకాలం అడవి దారిలో మా బస్సు ఒక్కటీ జనాన్ని నడిమధ్య దింపలేదు.

శ్రావణంలో తీజ్. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, రోజూ నీళ్లు పోసి మొలకలు పెంచే పండుగ. ఈయన కొత్తగా చేరిన కండక్టర్లకు తలా ఒక బుట్ట చేతిలో పెట్టారు. మొలక పచ్చగా లేచినవాడికే మంచి రూటు. ఆ సంగతి విని కమ్లి గారు ఆఫీసుకే వచ్చేశారు.

"ఆడపిల్లల పండుగ మీసాలోళ్లతోని చేపిస్తవా? తండల తెలిస్తే నవ్వుతరు."

"మొలకకు మీసం కనబడతదా?" అన్నారాయన.

సోమ్లా అని ఒక కండక్టరు. మంచివాడే గాని తొందర మనిషి. మొలకలు జల్దీ రావాలని పూటకు బిందెడు నీళ్లు గుమ్మరించాడు. గింజలన్నీ కుళ్లి ఆఫీసంతా వాసన. రూప్‌సింగ్ గారు ఆ బుట్టను ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "టికెట్లు గూడ నువ్వు గిట్లనే ఇస్తున్నవంట. ఒక్కసారే అందరి మీద పడుతున్నవంట. ఒక్కొక్కలకు కొంచెం కొంచెం పొయ్యి" అన్నారు. సోమ్లా ఆ తర్వాత మా డిపోలో పేరున్న కండక్టరయ్యాడు. వాడి బస్సులో ముసలమ్మలు చిల్లర కూడా అడిగేవాళ్లు కాదు, యోగక్షేమాలు అడిగేవాళ్లు.

మూడో ఏడు సోమవారం మీటింగు రాలిపోయింది. ప్రతి సోమవారం ఒక్కో సెక్షను పెద్ద లేచి నిలబడి, వారం లెక్కలన్నీ అందరి ముందూ గట్టిగా చదవాలి. ఏళ్లనాటి ఆచారం. "ఇగ వద్దు. ఒక్కొక్కలు నాతోని నడువున్రి, నడుసుకుంట చెప్పున్రి" అన్నారు. ఆ లెక్కన డిపో చుట్టూ ఎన్ని చుట్లు తిరిగామో. వానొస్తే ఒకే గొడుగు కింద ఆయనా, పక్కన సగం తడిసిన సెక్షను పెద్దా. "ఈయనకు చార్టుల్లో నిచ్చెన నచ్చలేదు, గానుగ నచ్చింది" అని నిర్మలాదేవి గొణిగేది.

నాలుగో ఏడు రాలింది తిట్టడం. ఇది అన్నిటికన్నా కష్టపడి రాల్చిన ఆకు, ఎందుకంటే ఆయన అదివరకు తిడితే బస్సుల అద్దాలు అదిరేవి. మానేశాక ఒంట్లో ఆవిరి ఎటు పోవాలో తెలియక, కోపం వచ్చినప్పుడల్లా గ్యారేజీ వెనక తుప్పు పట్టి పడి ఉన్న పాత బస్సు దగ్గరికి వెళ్లి దాన్ని తిట్టొచ్చేవారు. "తాగి డ్యూటీకొస్తవా? ఇంట్ల పిల్లలు లేరా నీకు?" అని దాని హెడ్‌లైట్ల మధ్య వేలు పెట్టి అడిగేవారు. ఆ మాటలు ఎవరివో వాళ్లకు గోడ చాటున చక్కగా వినపడేవి. సాయంత్రానికి ఆ డ్రైవరు తనంతట తనే వచ్చి తల వంచుకుని నిలబడేవాడు.

ఇలా ఉండగా ఖమ్మంలో ఆ పెద్ద పోస్టు ఖాళీ అయింది. వరసలో ముందున్నది రూప్‌సింగ్ గారే. పై ఆఫీసు నుంచి చెంచురామయ్య గారు తనిఖీకి వస్తారు, ఆయన ఊ అంటే ఖాయం, ఉహూ అంటే ఇంక జన్మలో లేదు. వస్తున్నది సరిగ్గా ఫాల్గుణంలో.

కమ్లి గారు ఆఫీసుకొచ్చి మా అందరి ముందే చెప్పారు. "ఈ ఒక్క ఏడు ఆకు రాల్చకు. మీదికెల్లి రాలినయన్ని ఏరి తెచ్చుకో. బెల్లు తెచ్చుకో, కుర్చి తెచ్చుకో. ఒక్క దినం ఆఫీసర్ లెక్క కూసో. పిల్ల దగ్గర ఉండాలని నాకుండదా?"

ఆయన కిటికీలోంచి టేకు చెట్లను చూశారు. "రాల్చను తియ్యి," అన్నారు చివరికి. "రాలినయి మాత్రం మళ్ల అతికియ్యరాదు."

"ఎందుకు రాదు?" అందావిడ.

ఆయన లేచి డిపో చుట్టూ నడవడానికి వెళ్లిపోయారు. మొండితనం అనుకున్నాం. నాకైతే ఒళ్లు మండింది. ఒక్క రోజు బెల్లు బల్ల మీద పెట్టుకుంటే ఈయన సొమ్మేం పోయింది అనిపించింది.

చెంచురామయ్య గారు వచ్చారు. చెడ్డవారేం కాదు, నిజాయితీ గల మనిషి. కాకపోతే క్రమశిక్షణ అంటే ప్రాణం, బెల్లు అంటే పంచప్రాణాలు. క్యాంపుకు వెళ్లినా సొంత బెల్లు సంచిలో పెట్టుకుని వెళ్తారని చెప్పుకునేవారు. ఎగతాళికి అంటారనుకున్నాను.

గదిలోకి అడుగు పెడుతూనే బెంచీని చూశారు. "కుర్చీ ఏదయ్యా?"

"రాల్చిన సార్."

"విరిగిందా?"

"లేదు సార్. నేనే వదిలిన." ఆయన టేకు చెట్టు సంగతంతా చెప్పారు. నీళ్లు, ఎండ, చిగురు, ఏదీ వదల్లేదు. చెంచురామయ్య గారు ఓపిగ్గా విన్నారు. విసుక్కోలేదు. మా బస్సుల పరిస్థితి చూసి అప్పటికే ఆయన ముచ్చటపడి ఉన్నారు.

"బాగానే ఉందయ్యా, చెట్టుకు బాగానే ఉంది," అన్నారు. "మనిషి కింద పది డిపోలుంటాయి రేపు. అక్కడా ఇలాగే ఒక్కొక్కటీ వదిలేస్తే చివరికి మేనేజరన్నవాడు ఎక్కడ మిగులుతాడు?"

"వదిలింది వస్తువే సార్. పని వదల్లే."

"సరే, ఈ బెంచీని ఒప్పుకుంటాను. మనుషులు మాట వింటారా, అది చెప్పు." అని సంచిలో చెయ్యి పెట్టి, ఇత్తడి బెల్లు తీసి బల్ల మీద పెట్టారు. ఎగతాళి కాదన్నమాట. "మీ అటెండరును పిలుస్తా, చూద్దాం," అని టంగుమని కొట్టారు.

తలుపు తెరిచే ఉంది. వరండాలో పగిడయ్య వీపు కనిపిస్తోంది. విస్తరి కుడుతున్నాడు. కదల్లేదు.

మళ్లీ కొట్టారు. నిర్మలాదేవి టైపు ఆపేసింది. గ్యారేజీలోంచి ఒక మెకానిక్కు తొంగి చూశాడు. గేటు దగ్గర కుక్క కూడా చెవులు నిక్కబొడుచుకుంది. పగిడయ్య కొత్త ఆకు తీసి, పుల్ల గుచ్చాడు.

చెంచురామయ్య గారి ముఖం ఎర్రబడింది. మూడోసారి గట్టిగా కొట్టారు. నేను రూప్‌సింగ్ గారి వైపు చూశాను. ఆయన ముఖంలో అంతటి కంగారు నేనెన్నడూ చూడలేదు. ఆ కంగారు తన ఉద్యోగం గురించి కాదు. ఆయన చూపు పగిడయ్య మీదే ఉంది.

"కొట్టకున్రి సార్," అన్నారు. "ఆయన లేవడు. బెల్లుకు లేవద్దని నేనే చెప్పిన."

"ఏమిటి?"

"బెల్లుకు లేస్తే మెమో ఇస్త అన్న. మనిషి మనిషికి లేవాలె గాని ఇత్తడి ముక్కకు లేచుడేంది?"

"అంటే ఇది నీ ఆర్డరా?"

"అవ్ సార్. నాదే. నా పేరు మీదనే రాసుకోన్రి."

చెంచురామయ్య గారు బెల్లు సంచిలో పెట్టేసుకున్నారు. రూప్‌సింగ్ గారు లేచి వరండాలోకి వెళ్లి, పగిడయ్య ఎదురుగా నిలబడ్డారు. ఆయన కాళ్లు కనిపించగానే పగిడయ్య గబుక్కున లేచాడు. ఆయన పెదాలు బాగా తెరిచి "చాయ్" అని, చేత్తో రెండు గ్లాసులు చూపించారు. పగిడయ్య తలూపి ఉరుకులు పెట్టాడు.

కారెక్కేటప్పుడు చెంచురామయ్య గారు నాతో అన్నారు, "మనిషి బంగారం. కాని అటెండరును బెల్లుకు లేవద్దన్నవాడికి జిల్లా ఎలా ఇస్తానయ్యా?" నిజంగా బాధపడుతూనే అన్నారు. ఆ రోజు ఆయన చూసిందాన్ని బట్టి ఎవరైనా అదే అంటారు.

కారు వెళ్లాక నిర్మలాదేవి పగిడయ్య వెనక్కి వెళ్లి నిలబడి, మెల్లిగా పిలిచింది. తర్వాత గట్టిగా పిలిచింది. తర్వాత ఖాళీ స్టీలు డబ్బా ఒకటి ఎత్తి గచ్చు మీద వదిలింది. ఆ చప్పుడుకు గేటు దగ్గర కుక్క లేచి పరిగెత్తింది. పగిడయ్య విస్తరి అంచు సరిచేసుకుంటున్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని సామెత నా నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఇక్కడ అది సామెత కాదు.

పగిడయ్య చెవులు పోయి ఎన్నేళ్లయిందో. ఆ సంగతి పై ఆఫీసుకు తెలిస్తే పరీక్షలు చేయించి, పనికిరాడని ఇంటికి పంపించేస్తారు. మేం పొగరనుకున్నాం. పొగరైతే ఉద్యోగం పోదు కాబట్టి రూప్‌సింగ్ గారు మమ్మల్ని అలాగే అనుకోనిచ్చారు.

మేమిద్దరం గదిలోకి వెళ్లి ఆయన ముందు నిలబడ్డాం. ఆయనే అన్నారు.

"తెలిసిందా? మీ కడుపుల పెట్టుకోన్రి. మీకు తెలిసిందని పగిడయ్యకు తెలిస్తే సిగ్గుపడతడు."

"సార్, ఆ కుర్చీ..." అంది నిర్మలాదేవి. రెండో ఏడు, కుర్చీ తన బల్ల దగ్గరికొచ్చిన ఆ నెలలోనే, ఆవిడ కడుపుతో ఉంది. అదివరకు రెండుసార్లు నిలవక, ఈసారి భయంతో ఎవరికీ చెప్పలేదు. దవాఖానా దగ్గర కమ్లి గారి కంట మాత్రం పడింది. ఆ బిడ్డ అప్పటికి పరుగులు పెడుతోంది.

"కుర్చి గురించి నాకేం ఎరుక లేదు," అన్నారాయన. "బెంచీ చల్లగుంటది, గందుకే మార్చిన."

తిట్టడం మానడం వెనక మాత్రం ఎవరూ లేరనుకుంటాను. అది ఆయన బీపీ కోసమే అయ్యుంటుంది.

ఇక సోమవారం మీటింగు. ఇంతవరకూ చెప్పలేదు, నాకు నత్తి. చిన్నప్పటి నుంచీ ఉంది. ఇద్దరితో మాట్లాడితే పరవాలేదు, నలుగురి ముందు నిలబడితే మొదటి అక్షరం దగ్గరే నాలుక కొయ్యబారిపోతుంది. ఆ మూడో ఏడు జనవరిలోనే నేను హెడ్ గుమస్తానయ్యాను. సోమవారం లేచి లెక్కలు చదివే వంతు నాకొచ్చింది. రెండు మూడు వారాలు చదివాను. చదివానంటే, నిలబడి చెమటలు కక్కాను. జనం నవ్వు ఆపుకోవడం నాకు వినపడేది. ఉద్యోగం మానేసి వేంసూరు వెళ్లి పొలం చూసుకుందామని ఒకరోజు పెట్టె కూడా సర్దాను. ఫాల్గుణం రాగానే మీటింగు రాలిపోయింది. ఆయన పక్కన నడుస్తూ చెబితే నాకు ఒక్క మాట కూడా తడబడేది కాదు. నా అదృష్టం అనుకున్నాను. పగిడయ్య సంగతి తెలిసేదాకా దాన్ని అదృష్టమనే అనుకున్నాను.

ఖమ్మం పోస్టు వేరే ఆయనకు వెళ్లింది. ఆ కబురు వచ్చిన రోజు కమ్లి గారు ఆఫీసుకొచ్చి బెంచీ మీద ఆయన పక్కనే కూర్చున్నారు. మేం భయపడ్డాం.

"అన్ని రాల్చినవు. ఇగ మిగిలింది నేనే. వచ్చే ఏడు నన్ను రాల్చు," అన్నారావిడ.

"ఆకు రాలుస్తరు గాని వేరు రాలుస్తరా?" అన్నారాయన.

ఆవిడ మొహం తిప్పుకుని నవ్వింది. మేమూ నవ్వాం. అయితే హేమ్లి చదువు అయిపోయేదాకా హాస్టల్లోనే ఉంది. కమ్లి గారు ప్రతి ఆదివారం మొదటి బస్సెక్కి, రొట్టెల మూట ఒళ్లో పెట్టుకుని ఖమ్మం వెళ్లి, చీకటి పడకముందే తిరిగొచ్చేవారు. పగిడయ్య మాత్రం సర్వీసు పూర్తిగా చేసి, మెడలో దండ వేయించుకుని, పింఛనుతో ఇంటికెళ్లాడు. ఆఖరి రోజున కూడా అతన్ని పొగరుబోతనే అనుకున్నవాళ్లు డిపోలో చాలామంది ఉన్నారు.

తొంభైల మొదట్లో రూప్‌సింగ్ గారు అదే డిపో నుంచి, అదే బెంచీ మీంచి రిటైరయ్యారు. గ్యారేజీలో వీడ్కోలు సభ పెట్టాం. ఎవరెవరు మాట్లాడాలో నిర్మలాదేవి చూసుకుంటోంది. ఆయన ఆవిణ్ని పక్కకు పిలిచి, "రామారావును జబర్దస్తీ చెయ్యకున్రి" అని చెప్పారట. నేను వెళ్లి, నా పేరు ఉండాల్సిందేనని పట్టుబట్టాను. ఇంకెప్పుడు చెబుతాను? ఆయన తండాకు వెళ్లిపోతారు, నేను బదిలీ అయి ఎక్కడికో పోతాను. ఈ మనిషికి మొహం మీద, నలుగురి ముందు థాంక్స్ చెప్పాలి. అదొక్కటే నాకు కావాలి. అందుకోసం నెల్లాళ్లు టేకు చెట్ల మధ్య తిరుగుతూ, చెట్లకు వినిపిస్తూ సాధన చేశాను. బెల్లు, కుర్చీ, మీటింగు, ఎవరి పేరూ చెప్పకుండా ఎలా చెప్పాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. చెట్ల దగ్గర ఎక్కడా తడబడలేదు.

నా వంతు వచ్చింది. లేచాను. డిపో అంతా నా వైపు చూస్తోంది.

"సా..." అన్నాను.

అంతే. మిగతాది రాలేదు. "సా... సా..." అంటూ నిలబడ్డాను. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఎంతసేపైనా సరే, సాయంత్రమైనా సరే, చెప్పే కూర్చుంటానని పళ్లు బిగించాను. రూప్‌సింగ్ గారు నా మొహం చూశారు. ఆ వెంటనే మెడలో దండతోనే దిగ్గున లేచి నిలబడ్డారు.

"బండొచ్చింది. లేవున్రి, లేవున్రి. పోయేటోళ్లను ఆపద్దు."

ఏ బండీ రాలేదు. ఆయన వెళ్లాల్సిన బస్సుకు ఇంకా చాలా టైముంది. అయినా అంత పెద్దాయన లేస్తే అందరూ లేచారు, కుర్చీలు జరిగాయి, సభ అయిపోయింది. నేను ఆ గోలలో ఇంకా నిలబడే ఉన్నాను. సార్, ఈ ఒక్కసారి నన్ను కాపాడకండి, ఈ ఒక్కసారి నన్ను తడబడనివ్వండి అని అరవాలనిపించింది. ఆ మాట మటుకు ఎలా వస్తుంది?

ఆయన జనంలోంచి నా దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశారు. కళ్లు తడిగా ఉన్నాయి.

"మంచిగ మాట్లాడినవ్ రామారావ్," అన్నారు.

నేను మాట్లాడింది ఒకే ఒక్క అక్షరం.

"అవ్," అన్నారు పక్కనే ఉన్న కమ్లి గారు. "గందరిల నీదే మంచిగున్నది. చిన్నగున్నది."

నాకు ఏడుపు రావాల్సింది పోయి నవ్వొచ్చింది. ఆయనా నవ్వారు. అలా నవ్వుతూనే బస్సెక్కి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఆయన్ను చూడటం నాకు కుదరలేదు, ఇప్పుడు ఆయన లేరు. ఆ రోజు "సా" తర్వాత చెప్పాల్సింది మాత్రం ఇన్నేళ్లూ నా దగ్గరే ఉండిపోయింది. అదే ఇది. కాగితం మీద నాకు నత్తి లేదు, మధ్యలో లేచి బండొచ్చిందని చెప్పడానికి ఆయనా లేరు.